వారం రోజులు, మూడు ఊళ్లు: బ్రిటన్ నగరాలను కాళ్లరగకుండా చూసే పద్ధతి

జూన్ దగ్గరపడుతుంటే నా వాట్సాప్‌కి వచ్చే ప్రశ్న ఒకటే. "అమ్మానాన్న వస్తున్నారు. వారం సెలవు పెట్టాను. ఏమేం చూపించమంటావు?" కింద ఒక జాబితా: లండన్, ఆక్స్‌ఫర్డ్, బాత్, స్టోన్‌హెంజ్, లివర్‌పూల్, ఎడిన్‌బరా, వీలైతే స్కై దీవి. ఏడు రోజుల్లో. అరవై దాటిన మోకాళ్లతో.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, మొత్తం వరుసగా ఇక్కడ పెడుతున్నాను. తొలిసారి వచ్చే పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని తిప్పేవాళ్ల కోసం ఇది. భుజాన సంచి తగిలించుకుని ఒంటరిగా తిరిగే పాతికేళ్ల వాళ్లకు ఇందులో సగం అక్కర్లేదు.

1. ముందు జాబితాలో సగం కొట్టేయండి

వారానికి మూడు ఊళ్లు. అంతకు మించితే చూసేది ఊళ్లను కాదు, రైలు కిటికీలను.

మూడూ ఒకే రైలు దారిలో ఉండాలి. నా లెక్క ఇది: లండన్ నాలుగు రాత్రులు, మధ్యలో యార్క్ ఒక పూట, ఎడిన్‌బరా రెండు మూడు రాత్రులు. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి యార్క్ దాదాపు రెండు గంటలు, అక్కడి నుంచి ఎడిన్‌బరా రెండున్నర గంటలు. వెనక్కి రాకుండా ఎడిన్‌బరా నుంచే ఇండియా విమానం దొరుకుతుందేమో చూడండి. గల్ఫ్ మీదుగా వెళ్లేవి అక్కడి నుంచీ ఉన్నాయి. ఒక రోజు మిగులుతుంది.

నెల కూడా ముఖ్యమే. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. ఆగస్టులో ఎడిన్‌బరాలో కళా ఉత్సవాలు, గదుల అద్దె ముట్టుకోలేం. డిసెంబరు 25న లండన్‌లో మెట్రో లేదు, బస్సు లేదు, రైలు లేదు. ఆ రోజు ఇంట్లో పప్పు వండుకోవడమే.

2. దేని తర్వాత ఏది బుక్ చేయాలి

చాలామంది ముందు కోటల టికెట్లు కొని, తర్వాత రైలు వెతుక్కుంటారు. తిరగేసి చేయండి. రోజులు గడిచేకొద్దీ రేటు పెరిగేది ముందు, పెరగనిది తర్వాత.

☐ రైలు టికెట్లు: 'అడ్వాన్స్' రకం సాధారణంగా సుమారు 12 వారాల ముందు వస్తుంది. అన్నిటికంటే చవక.
☐ బస: రైలు తేదీలు ఖాయమైన రోజే.
☐ టవర్ ఆఫ్ లండన్, ఎడిన్‌బరా కోట: రోజు, వేళ ఎంచుకుని ఆన్‌లైన్‌లో.
☐ ఉచితమే అయినా ముందే పేరు నమోదు చేసుకుంటే మంచిది అనిపించేవి: స్కై గార్డెన్ (ఎత్తైన భవనం పై అంతస్తులోని తోట), బ్రిటిష్ మ్యూజియం.
☐ మిగతావేవీ బుక్ చేయకండి. వర్షానికీ అలసటకూ కాస్త చోటు ఉంచండి.

అడ్వాన్స్ టికెట్‌తో ఒక చిక్కుంది. టికెట్ మీద ఏ రైలు ఉందో ఆ రైలే. తర్వాతి దానికి చెల్లదు, మధ్యలో దిగి ఊరు చూసి మళ్లీ ఎక్కడానికీ చెల్లదు. అందుకే లండన్–యార్క్ ఒకటి, యార్క్–ఎడిన్‌బరా ఒకటి, రెండు ముక్కలుగా కొనాలి.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మామయ్యా వాళ్లకి ఒకే రోజు పొద్దున టవర్, మధ్యాహ్నం రైలు పెట్టాను. టవర్‌లోంచి తేలేసరికి రైలు పోయింది. అప్పటికప్పుడు కొన్న టికెట్ల ఖర్చుతో ఇంకో రెండు రోజులు హాయిగా తిరిగేవాళ్లం. రైలున్న పూట ఇంకేమీ పెట్టకండి.

రైల్‌కార్డు తీసుకుంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. 60 దాటిన వాళ్లకు సీనియర్, ఇద్దరు కలిసి వెళ్తే టూ టుగెదర్, పిల్లలుంటే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్. ఇవి ఇక్కడ ఉండేవాళ్లకే అనుకుంటారు గానీ చూడ్డానికి వచ్చినవాళ్లూ కొనుక్కోవచ్చు. టూ టుగెదర్ మాత్రం సోమ నుంచి శుక్రవారం దాకా ఉదయం తొమ్మిదిన్నర లోపు పనిచేయదు. బండి అరగంటకు మించి ఆలస్యమైతే 'డిలే రీపే' కింద కొంత డబ్బు తిరిగి అడగొచ్చు. టికెట్ పారేయకండి.

3. ఒక రోజును ఎలా కట్టాలి

డబ్బు పెట్టి చూసేది పొద్దున, తెరవగానే. ఉచితమైనది మధ్యాహ్నం. నడక సాయంత్రం.

పొద్దున జనం తక్కువ, ఒంట్లో ఓపిక ఎక్కువ. పెట్టిన డబ్బుకి న్యాయం జరిగేది అప్పుడే. ఉచిత మ్యూజియంలో ఆ బాధ లేదు. గంటలో బయటికొచ్చేసినా మనసు గిలగిల్లాడదు. కాళ్లు నొప్పెడితే అక్కడే బెంచీ మీద కూర్చోవచ్చు, చలేస్తే వెచ్చగా ఉంటుంది, బాత్‌రూమ్‌లు శుభ్రం. పెద్దవాళ్లతో తిరిగేటప్పుడు ఈ మూడూ చూడదగ్గ వాటికంటే ముఖ్యం.

రోజుకి రెండే పెద్దవి, అవీ ఒకదానికొకటి నడిచేంత దూరంలో. టవర్ నుంచి సౌత్ కెన్సింగ్టన్‌కి, అక్కడి నుంచి గ్రీనిచ్‌కి పరుగెత్తారంటే రోజంతా సొరంగాల్లోనే గడుస్తుంది.

4. లండన్: నాలుగు రోజులు

దిగిన రోజు. టికెట్ ఉన్నదేదీ పెట్టొద్దు. విమానం ఆలస్యం, ఇమిగ్రేషన్ క్యూ, నిద్ర, ఏదీ మన చేతిలో ఉండదు. సాయంత్రం వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీద నిలబడి బిగ్ బెన్ చూసి, వంతెన దాటి థేమ్స్ దక్షిణపు ఒడ్డున టేట్ మోడర్న్ మ్యూజియం వైపు నడవండి. దారి చదును, అడుగడుగునా బెంచీలు. ఫొటోలన్నీ ఇక్కడే అయిపోతాయి.

రెండో రోజు: టవర్. తెరిచే వేళకి గేటు దగ్గరుండండి. లోపలికి వెళ్లగానే అందరూ గైడు చుట్టూ మూగుతారు. మీరు నేరుగా నగల భవనానికి వెళ్లండి. పదకొండు దాటితే అక్కడ గంట క్యూ. కిరీటాల ముందు నేల మీద కదిలే పట్టె ఉంటుంది, నిలబడితే అదే ముందుకు తీసుకెళ్తుంది. ఖాళీగా ఉంటే వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కొచ్చు. మా నాన్న మూడుసార్లు ఎక్కారు. 1937లో రాజమాతకు చేయించిన కిరీటంలో కోహినూర్ ఉంది మరి. అది దొరికిందని చెప్పే కృష్ణ ఒడ్డు కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. రాయి ఇక్కడ. ఫొటో తీయనివ్వరు, కళ్లతోనే చూడాలి.

ఆ తర్వాత ఎర్రంచు దుస్తుల యోమన్ వార్డర్ల (టవర్ కాపలాదారుల) వెంట తిరగండి. అది టికెట్‌లోనే కలిసి ఉంటుంది. బయటికొచ్చి టవర్ వంతెన దాటండి. వంతెన మీద నడక ఉచితం, పైనున్న గాజు నేల దారికే టికెట్. నడిచే ఓపికుంటే బరో మార్కెట్‌లో భోజనం చేయొచ్చు, సోమవారం తప్ప. మధ్యాహ్నానికి స్కై గార్డెన్. ఊరంతా పైనుంచి కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. డబ్బు పెట్టి ఇంకో ఎత్తైన భవనం ఎక్కాల్సిన పనిలేదని నా అభిప్రాయం.

మూడో రోజు: వెస్ట్‌మిన్‌స్టర్. బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర కాపలా మార్పు సాధారణంగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో పదకొండింటికి. వర్షమొస్తే రద్దు కావచ్చు. మూడు వరసల వెనక నిలబడి పక్కవాడి సెల్‌ఫోన్‌లో చూడాల్సి వస్తుంది. పొట్టివాళ్లూ పిల్లలూ ఉంటే దాని బదులు హార్స్ గార్డ్స్‌కి వెళ్లండి. గుర్రాల మీది కాపలా మార్పు అక్కడ రోజూ పదకొండింటికి, ఆదివారం పదింటికి. దగ్గర నుంచి చూడొచ్చు. అక్కడి నుంచి ట్రఫాల్గర్ స్క్వేర్ నాలుగడుగులు, నేషనల్ గ్యాలరీ ఉచితం.

వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే, సెయింట్ పాల్స్ రెండింటికీ టికెట్లు ఖరీదే. ఆదివారం అవి ప్రార్థనలకు, సందర్శకులకు కాదు. అయితే చాలా రోజుల్లో సాయంత్రం ఐదింటికి 'ఈవెన్‌సాంగ్' అని పాటలతో ప్రార్థన ఉంటుంది. దానికి ఎవరైనా ఉచితంగా వెళ్లి కూర్చోవచ్చు. ముప్పావుగంట కదలకుండా, ఫోన్ తీయకుండా కూర్చోగలిగితేనే వెళ్లండి. గుడిలో హారతి వేళ సెల్ఫీ తీసుకునేవాణ్ణి చూస్తే మనకెలా ఉంటుందో వాళ్లకీ అలాగే ఉంటుంది.

నాలుగో రోజు: బ్రిటిష్ మ్యూజియం. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అంతా చూద్దామని ముందు ద్వారం నుంచి మొదలుపెడతారు. రోసెట్టా రాయి, ఈజిప్టు మమ్మీలు అయ్యేసరికి నీరసం. మన గది మిగిలిపోతుంది.

మన గది అంటే 33ఎ. అమరావతి మహాస్తూపం శిల్పాలు అక్కడున్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన వాటిలోంచి వచ్చినవి, వందకు పైగా. పల్నాటి సున్నపురాయి.

ఇలా చూడండి:

☐ ఆ రోజు పొద్దున మ్యూజియం వెబ్‌సైట్‌లో మూసిన గదుల వివరం చూడండి. 33ఎ అప్పుడప్పుడు మూసి ఉంటుంది.
☐ వెనకవైపు మాంటేగ్యూ ప్లేస్ ద్వారం 33వ గదికి దగ్గర.
☐ 33వ గది చివర గాజు గోడ వెనక 33ఎ. ముందు స్తూపం బొమ్మే చెక్కిన పలక వెతకండి. అది చూస్తే కట్టడం మొత్తం ఎలా ఉండేదో అర్థమవుతుంది. అప్పుడు మిగతా ముక్కలు ఎక్కడివో తెలుస్తాయి.
☐ పాత పలకల్లో బుద్ధుడి బొమ్మ ఉండదు. ఖాళీ ఆసనం, పాదాలు, చక్రం ఉన్నచోట ఆయన ఉన్నట్టు. పిల్లలకు ఈ సంగతి చెప్పి వెతకమనండి, గంటసేపు గోల ఉండదు.
☐ అది అయ్యాకే రోసెట్టా రాయి, 4వ గది. అక్కడితో చాలు.

మ్యూజియం శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. సాయంత్రం ఆరు తర్వాత వెళ్తే జనం పలచబడతారు. వీలుంటే ఈ రోజును శుక్రవారానికి మార్చుకోండి.

చిన్నపిల్లలుంటే ఒక పూట నేచురల్ హిస్టరీ మ్యూజియానికి ఇవ్వండి. హాలులో వేలాడే నీలి తిమింగలం అస్థిపంజరం చాలు వాళ్లకి.

5. ఊళ్లో తిరగడం: కార్డు నియమాలు

☐ మనిషికో కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు.
☐ ఫోన్‌తో లోపలికి వెళ్లి కార్డుతో బయటికి రాకండి. రెండూ ఒకే ఖాతావైనా యంత్రానికి ఇద్దరు మనుషులే.
☐ మెట్రోలో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి. బస్సులో ఎక్కేటప్పుడే.
☐ బస్సులో నగదు తీసుకోరు.
☐ రోజు మొత్తానికి గరిష్ఠ ఛార్జీ ఉంటుంది. అది దాటాక ఆ పరిధిలో ఎన్నిసార్లు తిరిగినా అదనంగా పడదు. కాబట్టి రోజు పాసుల గురించి బుర్ర పాడుచేసుకోకండి.
☐ 11 ఏళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్ల వెంట మెట్రోలో ఉచితం. 11 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఆయిస్టర్ కార్డు (లండన్ రవాణా కార్డు) తీసుకుని, స్టేషన్ సిబ్బందిని యంగ్ విజిటర్ తగ్గింపు పెట్టమని అడగండి. ఛార్జీ సగమవుతుంది.

మోకాళ్ల నొప్పులవాళ్లకు మెట్రో కంటే బస్సు నయం. చాలా మెట్రో స్టేషన్లలో లిఫ్టు లేదు. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సెయింట్ పాల్స్ మీదుగా టవర్ దాకా 15వ నంబరు బస్సు వెళ్తుంది. పై అంతస్తులో ముందు సీటు దొరికిందంటే టూరిస్టు బస్సు టికెట్ మిగిలినట్టే.

6. తిండి సంగతి

మధ్యాహ్నం సూపర్‌మార్కెట్‌లో మీల్ డీల్: శాండ్‌విచ్, చిరుతిండి, డ్రింకు కలిపి. శాకాహారానికి పొట్లం మీద గుర్తుంటుంది. రాత్రికి అన్నమే కావాలని నాన్నగారు భీష్మించుకుంటే ఈస్ట్ హామ్‌లో దక్షిణాది హోటళ్లున్నాయి. యూస్టన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్‌లో శాకాహారం దొరుకుతుంది, కింగ్స్ క్రాస్‌లో రైలెక్కే రోజుకి అనువు. పొద్దున ఇంట్లో పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి. పార్కులో కూర్చుని తింటే ఎవరూ ఏమీ అనరు.

7. యార్క్: ఒక పూట

రైలు దిగగానే సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలో ముందే వెతికి ఉంచుకోండి. మ్యూజియాల్లోకి పెద్ద సామాను రానివ్వరు.

స్టేషన్‌కి ఆనుకునే నేషనల్ రైల్వే మ్యూజియం. ఉచితం. ఆవిరి ఇంజన్లలో వేగపు రికార్డు ఉన్న మల్లార్డ్ అక్కడుంది, జపాన్ బుల్లెట్ రైలు కూడా. రైల్వేలో చేసి రిటైరైన పెద్దమనిషి మీ వెంట ఉంటే యార్క్‌లో ఇంకేమీ చూడలేరు, ముందే చెబుతున్నాను.

లేకపోతే ఊరి చుట్టూ ఉన్న పాత గోడ మీద నడవండి, అదీ ఉచితమే. మొత్తం చుట్టక్కర్లేదు. బూతమ్ బార్ నుంచి మాంక్ బార్ దాకా (ఇక్కడ బార్ అంటే పాత కోటగుమ్మం) నడిస్తే మిన్‌స్టర్ చర్చి బాగా కనిపించే భాగమంతా అయిపోతుంది. మెట్లు నిటారు, కొన్నిచోట్ల లోపలివైపు పిట్టగోడ లేదు. చిన్నపిల్లల చెయ్యి వదలకండి.

యార్క్ నుంచి ఉత్తరానికి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీటు తీసుకోండి. న్యూకాజిల్ దాటాక సముద్రం పక్కనే వస్తుంది.

8. ఎడిన్‌బరా: రెండు రోజులు

ఈ ఊరి సూత్రం ఒకటే: ఎక్కడం బస్సులో, దిగడం కాలినడకన. పాత ఊరంతా ఏటవాలు. వేవర్లీ స్టేషన్ లోయలో ఉంటుంది, మ్యాప్‌లో వంద మీటర్లే చూపించిన హోటల్‌కి నిటారు మెట్లెక్కాల్సి రావచ్చు. బస బుక్ చేసేముందు ఆ మెట్ల సంగతి చూసుకోండి.

మొదటి రోజు కోటకి పదకొండు ప్రాంతంలో టికెట్ తీసుకోండి. పొద్దున్నే అన్న నా నియమానికి మినహాయింపు ఇదొక్కటే, ఎందుకంటే ఒంటిగంటకి అక్కడ ఫిరంగి పేలుస్తారు. ఆదివారం పేల్చరు. చెవులు మూసుకోమని పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

తర్వాత రాయల్ మైల్ వెంట కిందికి దిగుతూ, జార్జ్ ఫోర్త్ వంతెన మీదుగా నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లండ్‌కి తిరగండి. ఉచితం. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రె అక్కడుంది. పై డాబా మీద నుంచి కోట కనిపిస్తుంది. చాలామంది డాలీని చూసి వెళ్లిపోతారు, డాబా సంగతి తెలియదు.

రెండో రోజు వయసును బట్టి చీలిపోండి. కుర్రాళ్లు 251 మీటర్ల ఆర్థర్స్ సీట్ ఎక్కొచ్చు, బూట్లు గట్టివైతేనే. పెద్దవాళ్లు ట్రామ్‌లో ఓషన్ టెర్మినల్ దాకా వెళ్లి రాజకుటుంబం వాడిన బ్రిటానియా ఓడ చూడొచ్చు, లోపల లిఫ్టు ఉంది. సూర్యాస్తమయానికి అందరూ కాల్టన్ హిల్ మీద కలవండి. చిన్న గుట్టే.

గొడుగు తీసుకెళ్లకండి. ఆ గాలికి మడత తిరగబడుతుంది. టోపీ ఉన్న వాన కోటు కావాలి.

9. ఉత్తరానికి వెళ్లలేకపోతే

పడమర: లండన్ ప్యాడింగ్టన్ నుంచి బాత్ గంటన్నర లోపే. రోమన్ బాత్స్‌లో చూడటమే, స్నానం లేదు. ఈత దుస్తులు తెచ్చుకుని నిరాశపడినవాళ్లు నాకు తెలుసు. వేడినీళ్లలో దిగాలంటే పక్కనే ఉన్న స్పాకి వేరే టికెట్. బాత్ నుంచి బ్రిస్టల్ పావుగంట. 1833లో అక్కడే కన్నుమూసిన రామ్మోహన్ రాయ్ సమాధి ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో ఉంది.

మధ్య ప్రాంతం: బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో వేంకటేశ్వర స్వామి ఆలయం. 2006లో ప్రతిష్ఠ జరిగింది. దగ్గరి స్టేషన్ శాండ్‌వెల్ అండ్ డడ్లీ, అక్కడి నుంచి టాక్సీ. అమ్మలు "ఇక్కడికే ముందు తీసుకురావాల్సింది" అంటారు. కాబట్టి మొదటి వారాంతంలోనే వెళ్లొచ్చేయండి.

10. దారిలో ఏదైనా తేడా వస్తే

*వర్షం మొదలైంది.* మధ్యాహ్నపు మ్యూజియాన్ని పొద్దుటికి తెచ్చేయండి. టికెట్ లేనిది కాబట్టే ఆ పని చేయగలరు.

*పెద్దవాళ్లు "మేం హోటల్లోనే ఉంటాం" అన్నారు.* నిన్న ఎక్కువ తిప్పారని అర్థం. బలవంతం చేయకండి. పక్క పార్కుకి తీసుకెళ్లి టీ తాగించండి.

*మెట్రో గేట్లో తాకించడం మరిచారు.* గరిష్ఠ ఛార్జీ పడి ఉంటుంది. ఆన్‌లైన్‌లోనో స్టేషన్‌లోనో అడిగితే సరిచేసే వీలుంది.

*చాలా చోట్లకి కలిపి ఒకే టికెట్‌గా అమ్మే సిటీ పాస్ కొనమని ఎవరో చెప్పారు.* మీ జాబితాలో టికెట్ ఉన్నవెన్నో లెక్కపెట్టండి. పైన చెప్పిన పద్ధతిలో లండన్‌లో ఒకటో రెండో తేలతాయి. పాస్ అవసరం రాదు.

*స్కాట్లండ్ నోట్లు మిగిలాయి.* చెల్లుతాయి, కానీ లండన్‌లో చిన్న కొట్లవాళ్లు తిప్పి తిప్పి చూస్తారు. ఎడిన్‌బరాలోనే ఖర్చు పెట్టేయండి.

11. ముందు రోజు రాత్రి సరిచూసుకోండి

☐ రేపటి టికెట్లు ఫోన్‌లో దించి పెట్టారా, స్క్రీన్‌షాట్ తీశారా
☐ ఏ స్టేషన్ నుంచి? లండన్‌లో కింగ్స్ క్రాస్, యూస్టన్, ప్యాడింగ్టన్ మూడూ వేరు
☐ రైల్‌కార్డు వెంట ఉందా
☐ చూడబోయేది రేపు తెరిచి ఉందా
☐ మందులు, నీళ్ల సీసా, పవర్ బ్యాంకు
☐ వాన కోటు, లోపల పలచటి స్వెట్టర్
☐ తప్పిపోతే కలుసుకునే చోటు అందరికీ చెప్పారా
☐ నాన్నగారి కొత్త బూట్లు సూట్‌కేసులోనే ఉన్నాయా? పాత చెప్పులే వేయించండి